తాత చిలుకల మెడలు విరిచిందెవరు

మా తాతకు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. తర్వాత మీసం కదులుతుంది. మాట మూడోది. ఆ మూడోది వచ్చేలోపు తప్పించుకోవచ్చు కనుక, మా ఇంట్లో ఎవరైనా ముందు తాత చెవులు చూసి తర్వాత మొహం చూస్తారు. మొన్న ఏప్రిల్లో మాత్రం వారం పైనే ఆ చెవులు ఎర్రగానే ఉన్నాయి. వాటి అసలు రంగేమిటో మేము మరిచిపోయాం.

తాత పేరు హనుమండ్లు. మాది సిరిసిల్ల. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. మా ఇంటి ముందుగదిలో రెండు సాంచాలున్నాయి. మిగిలిన ఇల్లు వాటి వెనక ఒదిగి ఉంటుంది. పొద్దున ఎనిమిదికి మొదలైతే వాడంతా టకటకటక. అందుకే మా వాడలో పుట్టినవాళ్లు నెమ్మదిగా మాట్లాడలేరు. చావింట్లో పరామర్శ కూడా కేక వేసే చెబుతారు. మా బాపు ఊరి చివర పెద్ద షెడ్డులో సాంచాలు నడుపుతాడు, అవ్వ, అంటే అమ్మ, బీడీలు చేసే చోటికి పోతుంది. పగలంతా ఇంట్లో ఉండేది తాత, బాపమ్మ, నేను. బాపమ్మ అంటే నానమ్మ, పేరు శంకరవ్వ. నేను నవ్యశ్రీని. ఇంటర్ మొదటి సంవత్సరంతోనే ఆగిపోయాను. ఇంగ్లీషు, లెక్కలు నన్ను ఇష్టపడలేదు, నేనూ వాటిని బతిమాలలేదు.

తాత మొదట్లో చేతిమగ్గం మీద నేసేవాడు. ఆ రోజుల్లో చీర అంచు మీద బొమ్మ రావాలంటే దాన్ని ముందు గళ్ల కాగితం మీద గీసి, గడికొక రంధ్రం చొప్పున అట్టలకు పొడిచి, ఆ అట్టల దండను మగ్గం పైన బొమ్మ నేయించే జకాట్‌కు ఎక్కించేవారు. ఆ అట్టలు కొట్టడంలో తాతది అందెవేసిన చెయ్యి. హంసలు, మామిడి పిందెలు, మరీ ముఖ్యంగా చిలుకలు. తాత చిలుకకు కంట్లో చుక్క కూడా ఉండేదట. తర్వాత చేతిమగ్గాలు పోయాయి, సాంచాలు వచ్చాయి. సాంచ మీద ఇరవయ్యారేళ్లు తాత తెల్లగుడ్డ నేశాడు. లంగాల గుడ్డ, లైనింగు గుడ్డ. పొడవుకు పొడవు, ఎక్కడా ఒక్క పువ్వు పూయని గుడ్డ. ఆ ఇరవయ్యారేళ్ల విసుగే చెవుల్లో చేరిందని బాపమ్మ అంటుంది.

అలాంటి ఇంటికి ఏప్రిల్లో ఒక మంగళవారం కంప్యూటర్ జకాట్ వచ్చింది. నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే సేటు, దాన్ని ఇండ్లలోని సాంచాలకు బిగిస్తే నడుస్తుందో లేదో చూద్దామనుకున్నాడు. ముసలాయనకు బొమ్మల పని తెలుసని ఎవరో చెబితే మా ఇల్లు ఎంచుకున్నాడు. షరతు ఒక్కటే. పై వారం శనివారానికి ఒక చీర, ఈ కొంగు నుంచి ఆ కొంగు దాకా తప్పు లేకుండా దిగాలి. దిగితే జకాట్ మా ఇంట్లోనే ఉంటుంది. దిగకపోతే విప్పి పెద్ద షెడ్డుకు తీసుకుపోతారు. తాతకు మళ్లీ లంగాల గుడ్డే.

బిగించడానికి వచ్చిన ఫిట్టర్ కరుణాకర్. సాంచ పైన ఇనుప చట్రం, దాని పక్కన తెర ఉన్న పెట్టె. అట్టలు లేవు, పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు. గుచ్చే పని, తెర మీది ఇంగ్లీషు చదివే పని నాకు ఇచ్చారు. ఇంటర్ తప్పినవాళ్లు కూడా ఎక్కడో ఒకచోట ఇంజనీర్లవుతారు. డిజైన్లు చూపిస్తూ పోతుంటే అంచు మీద చిలుకలున్నది రాగానే తాత నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ సాయంత్రం జానెడు అంచు నేశాం. పదకొండు చిలుకలు. తాత ఒక్కో చిలుకను వేలితో తాకి చూశాడు. కంట్లో చుక్క లేదని సణిగాడు కానీ ఆ సణుగుడులో కోపం లేదు. మర్నాడు పొద్దున కూడా చిలుకలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వచ్చాయి.

బుధవారం మధ్యాహ్నం మొదటి చిలుక మెడ విరిగింది.

విరగడమంటే, మెడ దాకా సరిగ్గా నేసి, ఆ పైన ముక్కు రావాల్సిన చోట తోక వచ్చింది. పది వేళ్ల దూరంలో ఇంకొకటి. ఇంకొకదానికి అసలు తలే లేదు. తాత సాంచ ఆపి, పెట్టె వంక చూసి, నా వంక చూశాడు. నేను చెవులు చూసి బయటికి నడిచాను.

గురువారం కరుణాకర్ మళ్లీ వచ్చాడు. పెట్టె బాగానే ఉందన్నాడు. తప్పు ఇంటి కరెంటులో ఉందని మాకు అర్థమయ్యేలా చెప్పాడు. అడ్డంగా పోయే పేక దారం ఒకటి పడ్డప్పుడల్లా పెట్టె ఒకటి లెక్కపెట్టుకుని, బొమ్మలో పైవరుసకు పోతుంది. అదే తీగ మీద ఇంకేదైనా మోటారు నిప్పురవ్వలు కొడుతూ తిరిగితే కరెంటులోకి చెత్త వస్తుంది. ఆ చెత్తను కూడా పెట్టె దారమే అనుకుని లెక్కపెడుతుంది. గుడ్డ వెనక ఉండిపోతుంది, బొమ్మ ముందుకు ఉరుకుతుంది. మెడ మీద తర్వాతి చిలుక తోక మొలిచేది అందుకే.

తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీసి, ఇంట్లో కరెంటుతో నడిచేవన్నీ చెప్పమన్నాడు. తాత చెబుతుంటే నేనే రాశాను. సాంచాలు రెండు, ఫ్రిజ్, టీవీ, కూలర్, ఫ్యాన్లు రెండు, ట్యూబులైట్లు మూడు, మిక్సీ, నీళ్ల మోటారు, సెల్ చార్జర్లు. ఇంకే మోటారైనా ఉందా అని అడిగితే లేదన్నాడు తాత. ఇక్కడ పనిచేసేవాళ్లు ఎంతమంది అని అడిగితే, "నేనొక్కన్నే" అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంటుంది. ఆ మాట అన్నప్పుడు వెనక వరండాలో బాపమ్మ రాట్నం గుయ్యిమంటూ తిరుగుతూనే ఉంది. మేము ముగ్గురం ఆ చప్పుడు మీదుగా గొంతు పెంచే మాట్లాడుకున్నాం. ముగ్గురిలో ఒక్కరికీ అది వినబడలేదు. మాకు పన్నెండేళ్లుగా, కరుణాకర్‌కు ఇంటింటా వినే చప్పుడు కదా, గోడ ఎంతో అదీ అంతే అయిపోయింది.

రాట్నం సంగతి చెప్పాలి. సాంచలో అటూ ఇటూ ఉరికే నాడెలో ఒక కండె ఉంటుంది, కండెకు పేక నూలు చుట్టి ఉంటుంది. నూలు అయిపోతే కొత్త కండె పెట్టాలి. రోజంతా కండెలు కావాలి. అవి చుట్టేది బాపమ్మ. మా వాడలో ఏ ఇంట్లో చూసినా సాంచ మగవాళ్లది, కండెలు ఆడవాళ్లవి. బాపమ్మ నలభై ఏళ్లు చేత్తో తిప్పితే కుడి భుజం పట్టేసింది. చెయ్యి గుండ్రంగా తిప్పే పని ఇక వద్దని డాక్టరు చెప్పాడు. అప్పుడు తాత పాత ఇనుప సామాన్ల అంగట్లో ఒక కుట్టుమిషను మోటారు వెతికి తెచ్చి రాట్నానికి బిగించాడు. కాలితో తొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. తొక్కినప్పుడల్లా దాని పొట్టలో నీలంగా మెరుస్తుంది. దానికి ఇనుప స్టాండు చేసిచ్చింది పక్కింటి తోమాసు. రాట్నాన్ని బాపమ్మకు ఇచ్చేటప్పుడు తాత అన్న మాట, "ఇగ భుజం పేరు చెప్పి తప్పించుకోకు." మా తాత దగ్గర ప్రేమ దొరికేది ఆ ధరకే.

కరుణాకర్ చెత్త అన్నాడు కదా, ఆ మాట తాతకు పట్టుకుంది. నా ఇంట్లకు చెత్త పంపేటోడు ఎవడని మొదలుపెట్టాడు. ముందు ఇంట్లో వాటి మీద పడ్డాడు. ఫ్రిజ్ ఆపించాడు. పాలు విరిగాయి. టీవీ తీగ పీకాడు. బాపమ్మ సీరియల్లో కోడలు ఇల్లు వదిలిపోతుండగా పీకాడు, పోయిందో లేదో ఇప్పటికీ తెలియదు. కూలర్ ఆపాడు, ఫ్యాన్లు ఆపాడు. ఏప్రిల్ ఎండకు రేకుల కింద మేము ఉడికిపోయాం. మిక్సీ ఆపితే బాపమ్మ రోట్లో పచ్చడి నూరింది, భుజం పట్టుకుని. చివరికి గోడ గడియారంలో సెల్లు కూడా తీసేశాడు. అది కరెంటుతో నడవదు తాతా అని నేనంటే, "తిరుగుతున్నది గదా" అన్నాడు. నా ఫోను చార్జింగు నిషేధం. తోమాసు షాపుకు పోయి పెట్టుకునేదాన్ని.

ఇన్ని ఆపినా చిలుకల మెడలు విరుగుతూనే ఉన్నాయి. తాత ఒక్కో విరిగిన చిలుక దగ్గర సాంచ ఆపి, వెనక్కి తిరిగి, "కండెలు జల్ది తే, ఏం జేస్తున్నవ్ ఆడ" అని బాపమ్మ మీద అరిచేవాడు. బాపమ్మ ఇంకా గట్టిగా తొక్కేది.

సోమవారానికి ఇంట్లో ఆపడానికి ఏమీ మిగలలేదు. తాత కోపం గడప దాటింది.

తోమాసు ముప్పై ఏళ్ల కింద చెన్నూరు నుంచి వచ్చి మా పక్కన వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తాడు. భార్య పేరు దెబోరా. ఇద్దరూ మెథడిస్టు చర్చికి పోతారు. బాపుకు కాలు విరిగినప్పుడు ఆటో దొరక్కపోతే తోమాసు భుజాన వేసుకుని ఆసుపత్రికి పోయాడట. క్రిస్మస్ కేకు మొదటి ముక్క తాతకే, మా దసరా గారెలు మొదట వాళ్లింటికే. అట్లాంటి తోమాసు ఇంటి ముందు మంగళవారం పొద్దున తాత నిలబడి, నీ మెరుపులతోటి నా చిలుకలు సస్తున్నయని వాడంతా వినేలా అన్నాడు.

తోమాసు మొహం మీది అద్దం పైకెత్తి నిమ్మళంగానే చెప్పాడు. తన మీటరుకు లైను వేరే స్తంభం నుంచి వస్తుందని, ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెట్లా వస్తుందని అడిగాడు. తాత వినలేదు. ఇన్నేళ్లు నేసింది లంగాల గుడ్డ, దానికి మెడ ఏడున్నది విరగడానికి అన్నాడు. చివరికి తోమాసుకూ విసుగొచ్చింది.

"సరే అన్నా. గంట సేపు బంద్ పెడ్త. పొయ్యి నేసుకో. నీ కడుపు సల్లవడని."

గంటసేపు వెల్డింగ్ ఆగింది. ఆ గంటలో మూరెడు అంచు దిగింది. ఒక్క చిలుకకూ ఏమీ కాలేదు. తాత మూరెడు గుడ్డను రెండు చేతులతో ఎత్తి వాడలోకి తీసుకుపోలేక, అది సాంచకే ఉంది కనుక, వాడనే లోపలికి పిలిచాడు. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి తలూపారు. గంట అయ్యాక తోమాసు పని మొదలుపెట్టాడు. కొంచెం సేపటికే చిలుక విరిగింది. ఇంకేం కావాలి సాక్ష్యం. శనివారం దాకా షాపు తెరవొద్దని తాత హుకుం జారీ చేశాడు. ఆదివారానికి చర్చి గేటు నిలబెట్టాలి, మాటిచ్చిన అన్నాడు తోమాసు. నీకు నీ గేటు ఎక్కువైతే నాకు నా చిలుక ఎక్కువ అన్నాడు తాత. తోమాసు అద్దం దించుకున్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ రెండు ఇళ్ల మధ్య మాట ఆగింది.

బుధవారం తోమాసు అన్నానికి లోపలికి పోయిన సమయంలో తాత ఏం చేశాడో చూసింది నేనొక్కదాన్నే. పిల్లిలా పక్కవాకిట్లోకి పోయి, మీటరు కింద ఉన్న తెల్ల ఫ్యూజు పీకి, చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోరు మూసుకుని ఊరుకోవడం మాత్రం తప్పే, ఒప్పుకుంటాను.

ఆ మధ్యాహ్నం తోమాసు షాపు చీకటిగా ఉంది. ఎక్కడా మెరుపు లేదు. సాంచ నడిచింది. నాలుగు చిలుకలు విరిగాయి.

నాలుగోది విరిగినప్పుడు తాత జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఫ్యూజు ఉంది. చిలుక లేదు. ఆ తర్వాత ఆ రోజంతా అరవలేదు.

గురువారం పొద్దున కూడా అరవలేదు. చాయ్ తాగి, సాంచ మొదలుపెట్టకుండా దాని ముందు స్టూలు మీద కూర్చుని, "నవ్వీ, కరుణాకర్‌కు ఫోన్ కొట్టు. వచ్చి ఇప్పుకొని పొమ్మను. మన ఇంటికి అచ్చి రాలే" అన్నాడు నెమ్మదిగా. మా వాడలో అంత నెమ్మదిగా మాట్లాడినవాళ్లను నేను చూడలేదు. బాపమ్మ వెనక వరండాలోంచి లేచి వచ్చింది. చేతిలో సగం చుట్టిన కండె అలాగే ఉంది. తాత చెవులు చూసింది. అవి తెల్లగా ఉన్నాయి. దానికి ఆమె భయపడింది.

గుడ్డ పరచమంది. ఎందుకే అన్నాడు తాత. "పరువుమన్న" అంది.

ఎనిమిది రోజుల గుడ్డను చుట్ట నుంచి విప్పి వాకిట్లో చాపల మీద పరిచాను. బాపమ్మ మోకాళ్ల మీద కూర్చుని అంచు వెంట వేలు నడుపుతూ పోయింది. మేము ఇన్ని రోజులూ విరిగిన చిలుకలనే చూశాం. ఆమె చిలుకలను చూడడం లేదు, ఒక విరుపుకూ ఇంకో విరుపుకూ మధ్య దూరం చూస్తోంది. చేతిలోని కండెను ఆ దూరం పక్కన పెట్టి మనసులో ఏదో లెక్క వేసుకుంటోంది. ఒక కండె నూలు ఎన్ని చిలుకలకు వస్తుందో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినట్లు ఎవరికీ తెలియదు.

మొట్టమొదటి రోజుల గుడ్డ దగ్గర ఆగింది. అక్కడ తప్పులు లేవు. "అప్పుడు గంపల ముందుగాల చుట్టిన కండెలుండె" అంది. తర్వాత ఒకచోట వరసగా, దగ్గర దగ్గరగా తొమ్మిది విరుపులు.

"ఇది శుక్రారం. నూలు ముక్కిపోయి తెగి తెగి సంపింది. తొక్కుడు, ఇడుసుడు, తొక్కుడు, ఇడుసుడు. లెక్కవెట్టు, ఎన్ని తెగినయో గన్ని విరిగినయ్."

ఇంకా ముందుకు జరిగింది. అక్కడ మంచి గుడ్డ రెండు జానలు. అది శనివారం ఆమె బీపీ గోలీల కోసం ఆసుపత్రికి పోయిన పొద్దు. ఇంకా ముందుకు పోతే, మంగళవారం నాటి మూరెడు, తాత వాడంతటికీ చూపించుకున్న మూరెడు. దాని మీద అరచెయ్యి పెట్టి తాత వైపు తిరిగింది. బాపమ్మకు కోపం చెవులకు రాదు, కళ్లకు వస్తుంది. అది నేను ఆ రోజే చూశాను.

"నువ్వు తోమాసు మీద నోరు వారేసుకుంటే, నేను సిగ్గుతోటి రాట్నం ఇడిసి పెట్టి పొయ్యి దెబోరా ఇంట్ల గంట సేపు కూసున్న. మాఫ్ చెయ్యుమని అడుగుడానికి వొయిన. గా గంట ఇది."

ఆమె లేచి, సాంచ నడపమని చెప్పి వెనక్కి పోయింది. తాత నడిపాడు. చిలుక కాళ్లు వచ్చాయి, పొట్ట వచ్చింది, మెడ మొదలైంది. వెనక రాట్నం ఒక్కసారి గుయ్యిమంది. మెడ మీద తోక పడింది.

"ఒకటి" అంది బాపమ్మ వరండాలోంచి.

సాంచ చప్పుడు లెక్కపెట్టుకుని, రెండో చిలుకను మెడ దాకా రానిచ్చి మళ్లీ తొక్కింది. రెండు అంది. మూడోది కూడా. ఆమె తొక్కిన క్షణం, చిలుక విరిగిన క్షణం ఒక్కటే. కావాలని, కక్షగా, తాతను ఎదురుగా నిలబెట్టి, తాత చిలుకలను మూడింటిని చంపింది. తర్వాత వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పది రోజుల సంది ఇంట్ల ఉన్న ప్రతి దాన్ని పేరు పెట్టి తిట్టినవ్. గడియారాన్ని సుత ఇడిసిపెట్టలే. నా రాట్నం పేరు ఒక్కసారన్న నీ నోట రాలే."

"నువ్వన్న చెప్పకపోతివి" అన్నాడు తాత.

"మోటర్లు ఇంకెన్నున్నయని ఆ పిలగాడు అడిగితే లేవంటివి. పని చేసేటోళ్లు ఎందరంటె నేనొక్కన్నే అంటివి. నేను యెనకనే ఉన్న. తొక్కుకుంట ఇన్న." వేళ్లకంటిన నూలు దులుపుకుని, "దీనికన్న నా రాట్నాన్ని గూడ తిట్టినా మంచిగుండు" అంది.

సాంచ ఆగి ఉంది కనుక ఆ మాట ఇల్లంతా వినబడింది. ఆ కాగితం రాసింది నేనే. తల ఎత్తలేకపోయాను.

తాత పానా తీసుకుని వెనక వరండాలోకి పోయి రాట్నం ముందు వంగాడు, మోటారు విప్పడానికి. వంగగానే జేబులోంచి తెల్ల ఫ్యూజు జారి, నాపరాయి మీద టక్కున పడి, బాపమ్మ కాళ్ల దాకా దొర్లింది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. మీటరు కింది ఫ్యూజు ఎవరో పీకారని, రెండు ఫోన్లు చేసినా కరెంటోళ్లు రాలేదని తోమాసు పొద్దున్నే వాకిట్లో ఎవరితోనో చెప్పుకుంటుంటే ఆమె విన్నది. ఇక అడగడానికి ఏమీ లేదు. ఫ్యూజు పట్టుకుని ముందు ఆమె నడిచింది, వెనక తాత, ఆ వెనక నేను.

తోమాసు చేయి చాపి ఫ్యూజు తీసుకున్నాడు. తాత తప్పు తనదేనని, చెత్త తన ఇంట్లోదేనని తడబడుతూ చెప్పాడు. తోమాసు తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ముప్పై ఏండ్లల అడగకుంట నా షాపుల కెల్లి ఒక్క ఇనుప మొల తీస్కపోలే నువ్వు" అని మాత్రం అన్నాడు. ఫ్యూజు పెట్టుకుని, అద్దం దించుకుని, గేటు వైపు తిరిగాడు. దెబోరా బాపమ్మను లోపలికి రమ్మంది కానీ తాతను రమ్మనలేదు. తాత కాసేపు ఆ మెరుపుల ఎదురుగా కళ్లు చికిలిస్తూ నిలబడి ఇంటికి వచ్చాడు.

ఇక మిగిలింది రెండు రోజులు. సాంచ ఆపి ఆపి మోటారుతో కండెలు చుట్టుకుంటే శనివారానికి చీర దిగదు. సాంచ నడుస్తుండగానే రాట్నం చేత్తో తిరగాలి. బాపమ్మ భుజం తిరగదు. నేను ప్రయత్నిస్తే నూలు కండెకు కాక నా వేళ్లకు చుట్టుకుంది. ఎవరూ ఏమీ అనకముందే తాత రాట్నం ముందు చిన్న పీట మీద కూర్చున్నాడు. మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. మరి సాంచ ఎవరు నడుపుతారని నేను అడిగాను. బాపమ్మ కొంగు నడుముకు దోపి సాంచ ముందు నిలబడింది. పెళ్లికి ముందు వాళ్ల బాపు మగ్గం మీద ఆమె నేసేదట. ఆ సంగతి నాకు తెలియదు. తాతకు తెలుసు, గుర్తులేదు.

మొదటి పది కండెల్లో ఏడింటిని బాపమ్మ వెనక్కి విసిరేసింది. మెత్తగా చుడితే నాడెలో నూలు ఒక్కసారే ఊడిపోతుంది. "గిది కండెనా, తాగినోని లుంగీనా" అంది. తాత మీసం కదిలింది కానీ మాట రాలేదు. మళ్లీ చుట్టాడు. శుక్రవారం మధ్యాహ్నానికి అరచేతిలో పొక్కు లేచింది. పొక్కు కన్నా ఆయన్ను ఎక్కువ బాధ పెట్టింది ఇంకొకటి. ఇరవయ్యారేళ్లు ఎదురుచూసిన చిలుకలు ముందుగదిలో దిగుతుంటే తాను వెనక వరండాలో గోడకు ఎదురుగా కూర్చోవాలి. గడియకోసారి ఎట్లున్నయ్ అని కేకేసేవాడు. బాపమ్మ జవాబు చెప్పేది కాదు. నేను చెప్పబోతే కళ్లతో ఆపేది. ఆ రెండు రోజులు తాతకు తన చిలుకల సంగతి సాంచ చప్పుడు ఆగలేదన్న ఒక్క గుర్తుతోనే తెలిసింది.

శనివారం మూడింటికి కరుణాకర్ వచ్చాడు. చీరను వాకిట్లో పరిచి, ఈ కొంగు నుంచి ఆ కొంగు దాకా వంగి నడిచాడు. తాత రాట్నం దగ్గరి నుంచి లేవలేదు, మెడ మాత్రం గుమ్మం దాకా సాచాడు. కరుణాకర్ నడుము నిటారు చేసుకుని, బాగుంది, జకాట్ ఇక్కడే ఉంటుందని సేటుకు చెబుతానన్నాడు. జరిగింది నేను చెప్పాక, రాట్నం మోటారుకు వేరే లైను, దానికి చెత్త ఆపే చిన్న పెట్టె వచ్చే వారం తెచ్చి బిగిస్తానని కూడా అన్నాడు. అప్పటిదాకా ఇట్లనే నడపండన్నాడు. తర్వాత సంచిలోంచి పాత కాగితం తీసి, ఇందులో రాట్నం రాయలేదే అన్నాడు.

అప్పుడు వెనక నుంచి మూడోది వచ్చింది. చెవులు, మీసం, మాట, మూడూ ఒకేసారి.

"సాంచలయి గాక మోటర్లు మూడు. నీళ్లది, మిక్సీ, శంకరవ్వ రాట్నం. పని చేసేటోళ్లు ఇద్దరు. గీ చీర నేసింది ఆమె. ఫిట్టరువు గదా, మొన్ననే యెనకకు వచ్చి కండ్లు తెరిసి సూసి రాసుకోవద్దా?"

కరుణాకర్ బిక్కచచ్చిపోయి రాసుకున్నాడు. చెప్పింది మీరే కదా అని పాపం అనలేకపోయాడు. పక్కింట్లో ఆ కేక విని తోమాసు గోడ మీదుగా ఒకసారి తల ఎత్తి చూశాడు. చర్చి గేటుకు వెండి రంగు వేస్తున్నాడు. మళ్లీ కుంచె ముంచాడు.

బాపమ్మ అప్పటికే రెండో చీర మొదలుపెట్టింది. సాంచ చప్పుడు మీదుగా, మాటలు చాలు, నాడె ఖాళీ అయింది, కండె తెమ్మంది. తాత లేవలేక లేచి, పొక్కు చేత్తో కండె పట్టుకుని ముందుగదికి వచ్చాడు. అప్పుడు చూశాడు అంచు. చిలుకల వరస. వేలు చాపాడు, తాకబోయాడు. బాపమ్మ కండె తీసుకుని బొటనవేలి గోరుతో నొక్కి చూసింది.

"మెత్తగున్నది" అని తిరిగి ఆయన చేతిలో పెట్టింది.